షేరింగ్ అనే మాటతో నా కాపురం

మా అమ్మాయికి రెండేళ్ళు దాటాయి. నర్సరీలో వేసిన కొద్ది రోజులకే ఒక ఇంగ్లీషు మాట నేర్చుకొచ్చింది. పార్కులో ఇంకో పిల్ల చేతిలో బంతి కనిపిస్తే దగ్గరకు వెళ్ళి చెయ్యి చాచి 'షేర్' అంటుంది. ఆ పిల్ల ఇచ్చేదాకా అంటూనే ఉంటుంది. అదే పిల్ల వచ్చి దీని ఇసక బకెట్ మీద చెయ్యి వేస్తే మాత్రం బకెట్‌ను పొట్టకు అదుముకుని నా వెనక దాక్కుంటుంది. పంచుకోవడమని టీచరు చెప్పే ఉంటుంది. దీనికి మాత్రం 'నీది నాకివ్వు' అని అర్థమైంది. చూసినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, ఆ మాట ఎవరి నోట విన్నా నా దగ్గరున్నదేదో తగ్గబోతోందన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు.

రాజమండ్రిలో నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో షేర్ అంటే ఆటో. ముగ్గురు పట్టే సీటులో ఇంకొకరిని కుక్కి, తన పక్కన మరొకరిని సగం వేలాడదీసి, 'కాస్త సర్దుకోండమ్మా' అనేవాడు డ్రైవరు. తెలియనివాళ్ళ మోకాలు తగలకుండా పుస్తకాలు అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. కామర్స్ చదివేటప్పుడు షేర్ అంటే కంపెనీలో వాటా. ఆ పాఠం పరీక్షలో రాసి మర్చిపోయాను. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఆఫీసులో కాగితాలు చూసే పనిలో చేరాను. అక్కడ 'ఫైల్ షేర్ చేశావా' అని రోజంతా అడుగుతారు. ఆ షేరింగ్ మంచిది, ఎంతమందికి పంపినా నా ఫైల్ నా దగ్గరే ఉంటుంది. స్క్రీన్ షేర్ చెయ్యమంటే మాత్రం తెరిచి ఉన్నవన్నీ ముందు మూసేస్తాను. మా ఆయన గ్యారేజీలో పనివాళ్ళు సెలవు రోజు బిర్యానీకి షేర్ వేసుకుందామంటారు. పనివాళ్ళుండే క్యాంపులో ఎవరైనా పోతే, ఆ మనిషిని ఇంటికి పంపడానికి కూడా అదే గొంతుతో షేర్ వేసుకుందామంటారు.

కాన్పు అయిన ఆసుపత్రిలో, ఇంటికి పంపే ముందు ఒక నర్సు మంచం అంచున కూర్చుని, మనసులో ఏదైనా షేర్ చేసుకోవాలని ఉందా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. ఏమీ లేదన్నాను. నిజానికి చాలా ఉంది. కానీ నేను ఏం చెబితే ఆవిడ ఏం రాసుకుంటుందో, అది ఎవరు చదువుతారో నాకు తెలియదు.

ఇక షార్జాను ఆనుకుని ఉన్న అజ్మాన్‌లో ఈ మాటకు అన్నిటికంటే పెద్ద అర్థం ఇల్లు. బస్టాపు పక్కన కరెంటు స్తంభానికి అతికించిన కాగితాల మీద 'ఫ్యామిలీ షేరింగ్, డీసెంట్ పీపుల్ ఓన్లీ' అని ఉంటుంది. డీసెంట్ అంటే పిల్లలు ఏడవకూడదని, చుట్టాలు రాకూడదని, ఎక్కువసేపు స్నానం చెయ్యకూడదని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చెప్పుకోవాలి. అలాంటి కాగితం చూసే మేము ఆ ఫ్లాట్‌లో చేరాము. రెండు గదులు, ఒక హాలు, ఒక వంటిల్లు. అద్దె కాగితం అప్పటికే అందులో ఉంటున్న భార్యాభర్తల పేరు మీద ఉంది. పెద్ద గది వాళ్ళు ఉంచుకుని చిన్న గది మాకిచ్చారు. వాళ్ళది అమలాపురం వైపు. ముస్లింలు. భార్యాభర్తలు లోపల ఉర్దూలో మాట్లాడుకున్నా మాతో మాట్లాడితే అచ్చం గోదావరి మాటే. నా కన్నా నాలుగైదేళ్ళు పెద్దది కాబట్టి ఆమెను అక్కా అన్నాను. ఆమె భర్త స్కూలు బస్సు నడుపుతారు, ఆయన్ని బావగారూ అన్నాను. వాళ్ళకు చంకలో ఒక మగపిల్లాడు. నాకు అప్పటికి ఏడో నెల.

"నీకు పైన అర, నాకు కింద అర," అని అక్క ఫ్రిజ్ తెరిచి చూపించింది. "తలుపులో గుడ్లు మాత్రం కలిపేద్దాం. గుడ్డు మీద పేరు రాసుకుంటే నవ్వుతారు."

ఆమె నవ్వింది. నేను ఆ రోజు నుంచి గుడ్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ప్రసవం సెలవు అయిపోతుంటే నాకు అన్నం సహించేది కాదు. నేను ఉద్యోగం మానేస్తే ఆ ఒక్క గది కూడా నిలవదు. పిల్లను తీసుకుని నేను రాజమండ్రి వెళ్ళిపోవాలి, మా ఆయన తిరిగి క్యాంపు గదికి పోవాలి. పిల్లల్ని చూసే కేంద్రాలు మా తాహతుకు మించినవి. ఎవరూ అడక్కుండానే ఒకరోజు అక్క అంది.

"నేనెలాగా వీణ్ణి చూసుకుంటున్నాను కదేంటి. దాన్ని కూడా నా పక్కన పడుకోబెట్టు. నువ్వు ఆఫీసుకి పో."

కాళ్ళకు దండం పెట్టాల్సిన మాట అది. నాకు వెంటనే వచ్చిన ఆలోచన మాత్రం వేరు. ఎందుకు అడిగింది, దీంట్లో ఈమెకేమిటి అని. నెలకు ఇంత ఇస్తామంటే వద్దనకుండా, ఎక్కువ అడక్కుండా తీసుకుంది. అదీ నాకు వింతగానే అనిపించింది.

పాలు పిండి సంచుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టి వెళ్ళేదాన్ని. ఆఫీసులో పాత ఫైళ్ళ గదిలో తలుపుకు కుర్చీ అడ్డంపెట్టి పిండుకునేదాన్ని. పాలిచ్చే తల్లి రోజూ ఒక గంట ముందు ఇంటికి వెళ్ళొచ్చని ఇక్కడ రూలుంది. కానీ నేను వెళ్ళేది కార్ లిఫ్ట్‌లో. అంటే ఒకే దారిలో వెళ్ళేవాళ్ళందరినీ నెల లెక్కన ఎక్కించుకునే వ్యాన్. అందరూ దిగొస్తేనే అది కదులుతుంది. నా గంట రోజూ ఆఫీసు మెట్ల మీద కూర్చుని అయిపోయేది. అప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసేదాన్ని. పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు చేసిన ఘోరాలు, కింద 'ప్రతి తల్లికీ షేర్ చెయ్యండి' అని. ఒకటి చూస్తే అలాంటివే ఇంకో పది అదే తెచ్చిపెట్టేది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల ఎక్కువగా నిద్రలోనే ఉండేది. అమ్మకు వీడియో కాల్ చేస్తే, తెర మీద పడుకున్న పిల్లనే చూస్తూ అంది.

"అదేంటే, ఎప్పుడు చేసినా పడుకునే ఉంటుంది? జాజికాయ గానీ అరగదీసి పోస్తుందేమో. పని లేకుండా ఉండాలని కొందరు అలా చేస్తారు. మోతాదు తప్పితే ప్రమాదం."

ఆ మాట నాలో దిగిపోయింది. పిల్ల నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడడం మొదలుపెట్టాను. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె మసాలా డబ్బా తెరిచాను. జాజికాయ ఉంది. బిర్యానీ వండే ఏ ఇంట్లోనైనా ఉంటుంది. నా డబ్బాలో కూడా ఉంది. ఆమె కాయ మీద అరిగిన గుర్తులున్నాయి. అది సాన మీద అరగదీసిందో, తురిమిందో చెప్పలేకపోయాను.

మా ఆయనకు చూపిస్తే కాయను అటూ ఇటూ తిప్పి చూశారు.

"నువ్వు కామర్స్ చదవాల్సింది కాదు. పోలీసు పరీక్ష రాయాల్సింది."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"లేదు. దీన్ని మళ్ళీ ఆవిడ డబ్బాలోనే పెట్టు. రేపు బిర్యానీలో వాసన తగ్గితే నిన్నే అనుమానిస్తుంది."

ఏప్రిల్‌లో వాన వచ్చింది. ఇక్కడ ఉన్నవాళ్ళెవరికీ ఏ వాన అని చెప్పక్కర్లేదు. ముందురోజే హెచ్చరికలు వచ్చినా, అసలు కాగితాలు పోర్టుకు పంపాలి, తప్పదు రమ్మన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. మధ్యాహ్నానికి ఆకాశం ఆకుపచ్చగా మారి, తర్వాత ఏమీ కనపడకుండా అయింది. ఆఫీసు కింద పార్కు చేసిన కార్లు ఒక్కొక్కటే మునగడం కిటికీ నుంచి చూశాము. కార్ లిఫ్ట్ డ్రైవరు ఫోన్ చేసి, 'ఆజ్ ఖలాస్, గాడీ నహీ ఆయేగా' అన్నాడు, ఈరోజుకింతే, బండి రాదని. మా ఆయన గ్యారేజీలో చిక్కుకున్నారు, బావగారు ఎక్కడో బస్సుతో చిక్కుకున్నారు. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు.

సాయంత్రం ఒక్కసారి ఫోన్ కలిసింది.

"కరెంటు పోయింది చెల్లీ. లిఫ్ట్ కూడా లేదు. ఏం బెంగపెట్టుకోకు, పిల్ల నా దగ్గరుంది కదేంటి," అంది అక్క. వెనక మా అమ్మాయి ఏడుపు. "ఫోన్‌లో చార్జింగ్ అయిపోవత్తంది, పెట్టేస్తన్నా."

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచ్ ఆఫ్. ఆ రాత్రి ఆఫీసులోనే ఉండిపోయాము. రొమ్ములు రాళ్ళయి జ్వరం వచ్చేలా ఉంటే వాష్‌బేసిన్‌లోకి పిండాను. అక్కడ ఫ్రిజ్ లేదు, సంచీ లేదు. తెల్లగా కాలువలోకి పోతుంటే కుళాయి విప్పి పెట్టాను, ఆ చప్పుడులో నా ఏడుపు బయటికి వినపడదని.

మర్నాడు సాయంత్రం, ఒక లారీలో కొంత దూరం వచ్చి, మిగతా దూరం మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఇల్లు చేరాను. మెట్లెక్కి తలుపు తీసేసరికి అక్క భుజం మీద మా అమ్మాయి హాయిగా నిద్రపోతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పెదవి అంచున పాలచార.

"తాగిందా అక్కా?"

"తాగింది లే."

"ఫ్రీజర్‌లోవి బాగానే ఉన్నాయా?"

"కరెంటు లేదు కదే. కరిగిపోయి వాసనొచ్చాయి. పారబోసేశా."

"మరి ఏం తాగింది?"

"ఏదో పట్టాన్లే. ముందు నువ్వా తడిబట్టలు మార్చుకో, చలిజొరం వత్తాది."

ఆమె 'లే' అన్న తీరు, నా కళ్ళలోకి చూడకుండా పిల్లను నా చేతికిచ్చి వెంటనే వంటింట్లోకి పోయిన తీరు, ఈ రెండూ చాలు నాకు. పిల్లను గదిలోకి తీసుకెళ్ళి కిటికీ వెలుతురులో బట్టలు విప్పి, ఒంటి మీద అంగుళం అంగుళం చూశాను. ఏమీ లేదు. కింది కిరాణాకొట్టులోకి నీళ్ళొచ్చి మూసేశారు, డబ్బా పాలు దొరికే దారి లేదు. ఇంట్లో కార్టన్ పాలు కూడా అంతకుముందే అయిపోయాయి. పంచదార నీళ్ళా? టీ నీళ్ళా? జాజికాయ వేసి నిద్రపుచ్చేసిందా? పెదవి అంచున ఆ తెల్ల చార ఏమిటి?

అప్పటి నుంచి ఇంట్లో గాలి మారింది. అక్క నా ముందు తన పిల్లాడికి పాలివ్వడం మానేసింది, గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. బావగారు అంతకుముందు 'ఏమ్మా, వ్యాను టైముకొచ్చిందా' అని పలకరించేవారు, ఇప్పుడు చెప్పుల వైపు చూస్తూ పక్క నుంచి వెళ్ళిపోయేవారు. మా అమ్మాయి అక్క చేతుల్లోకి వెళ్తే ఆమె ఓణీ పట్టుకుని ముఖం అటూ ఇటూ రుద్దేది. నేను సీసా పెడితే నాలుకతో తోసేసేది. ఒకరోజు రెండు గదుల మధ్య పల్చటి గోడ అవతల వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వినిపించింది. 'దూధ్' అన్న మాట రెండుసార్లు. తర్వాత బావగారి గొంతు, 'బతానా పడేగా'. చెప్పక తప్పదని. అక్క ఏడుస్తూ, 'చలే జాయేంగే'. వెళ్ళిపోతారని.

పాలల్లో ఏదో జరిగింది. మాకు తెలిస్తే మేము వెళ్ళిపోయేంతది. అంతవరకు నాకు స్పష్టంగా అర్థమైంది.

పిల్లను క్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టరు తూచి, విని, బాగా పెరుగుతోందని మెచ్చుకుంది. అది కూడా నన్ను కుదుటపరచలేదు. సీసా సరిగ్గా తాగని పిల్ల బాగా ఎలా పెరుగుతుంది?

అక్కతో నాకు తెలియకుండానే 'మీరు' అనడం మొదలైంది.

"ఏంటే, మీరు గీరు అంటన్నావు?" అంది ఉల్లిపాయలు తరుగుతూ. "నేనేమన్నా మీ ఆఫీసు ముదీర్నా?"

"అలవాటులో వచ్చింది."

"నిన్నటిదాకా లేని అలవాటు."

కత్తి ఆగింది. ఆమె ఏదో చెప్పబోయింది. ఇంతలో వాళ్ళవాడు కింద పడితే పరిగెత్తింది.

ఆ వారంలోనే ఒకరోజు నేను నా గంట తీసుకున్నాను. మెట్ల మీద కూర్చోకుండా టాక్సీ ఎక్కాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఫోన్‌లో నా లొకేషన్ ఎప్పుడూ షేర్ అయి ఉంటుంది. చుక్క కదలడం చూసి ఆయన మెసేజ్ పెట్టారు, 'ఎక్కడికి?' అని. ఫోన్ బ్యాగులో పడేశాను. చెప్పులు బయటే విడిచి, తాళం చప్పుడు కాకుండా తిప్పాను.

పెద్ద గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మా అమ్మాయి గుక్కపెట్టి ఏడుస్తోంది. అక్క నేల మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నేను ఉంచిన సీసా నోటికి అందిస్తోంది. పిల్ల సీసాను చేత్తో కొట్టేసి, ముఖం తిప్పి, అక్క జాకెట్టు కోసం వెతుకుతోంది. అక్క దాన్ని దూరంగా జరిపి పట్టుకుంది. ఆమె ముందు బట్ట తడిసిపోయి ఉంది. కళ్ళు కూడా.

"అది కాదే తల్లీ. అది అడగకు. మీ అమ్మ పెట్టిన పాలే ఇవి, తాగవే. నాకు చెడ్డపేరు తేవద్దే."

నేను తలుపు తోశాను. ఆమె ఉలిక్కిపడలేదు. నన్ను చూసి, సీసా కింద పెట్టి, పిల్లను నా వైపు చాచింది. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని పాలిచ్చాను. ఏడుపు ఆగింది.

"ఆ వాన రోజు," అన్నాను.

"ఆ వాన రోజే," అంది. "పంచదార నీళ్ళు పట్టి చూశా, ఉమ్మేసింది. మధ్యాన్నం నుంచి ఏడుపే. చీకటి పడ్డాక దానికి గొంతు కూడా రాలేదు. నోరు తెరుత్తంది గానీ శబ్దం లేదు. నాకేమో పాలు కారిపోతన్నాయి. ఇంకేం ఆలోచించలేదు చెల్లీ. రొమ్మందించాను."

 జాజికాయ కాదు. టీ నీళ్ళు కాదు. నా పిల్ల బతికి ఉండడానికి ఆమె చేయగలిగింది అదొక్కటే. ఇంత తెలిసీ నాకు కృతజ్ఞత రాలేదు. నా పాలు కాలువలోకి పోతున్న ఆ సమయంలోనే నా పిల్ల ఇంకొకరి ఒళ్ళో కడుపు నింపుకుంటోంది. ఆ ఇంట్లో నాదని ఎవరితోనూ పంచుకోకుండా మిగిలింది అదొక్కటే అనుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పిల్లని తీసుకుపోతావని. ఆయన రోజూ పోరుతున్నారు, చెప్పు చెప్పు అని. మాలో ఇది చిన్న విషయం కాదే. ఒక్కసారి తాగినా సరే, వీడికి అది చెల్లెలైపోయినట్టే. ఉత్త మాటవరసకి కాదు. రేపు వీళ్ళు పెద్దయ్యాక వీడికి దాంతో పెళ్ళి చెయ్యకూడదు. సొంత చెల్లెలితో ఎలాగో అలాగే. నేను పాలతల్లిని. ఆయన్ని అడక్కుండా, నిన్ను అడక్కుండా నేనొక్కదాన్నే ఇంత సంబంధం కలిపేశాను."

"ఆ తర్వాత మళ్ళీ ఇచ్చారా?"

ఈసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది. "లేదు. అది అడుగుతూనే ఉంది. నేనివ్వట్లేదు. నువ్వు చూసింది అదే."

నమ్మాలని ఉంది. కానీ ఇంత దాచిన మనిషి ఇంకేం దాచిందో అన్న ఆలోచన ఆగలేదు. నా అనుమానం పూర్తిగా వట్టిది కాకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది. ఒకటి నిజమైతే మిగతావన్నీ కూడా నిజం కావచ్చని మనసు వాదించడం మొదలుపెడుతుంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన "నాలుగు నెలలకే ఒక సంబంధం తప్పిపోయిందన్నమాట," అన్నారు. నేను నవ్వకపోయేసరికి గొంతు మార్చారు. "వేరే గది చూడమంటే చూస్తాను. కానీ అక్కడ పిల్లను చూసేవాళ్ళెవరు? అక్కడా ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. వాళ్ళ మీద నీకు అనుమానం రాదా?"

"వస్తుంది."

"మరి?"

 అమ్మకు ఫోన్ చేసి చెప్పలేదు. ఆమె వేసే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, రెండోదీ తెలుసు. ఈ రోజుకీ చెప్పలేదు. ఇది అచ్చయితే చదివే తెలుసుకుంటుంది.

భోజనాలయ్యాక బావగారు హాల్లోకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ చేత్తో నలుపుతూ, నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడారు.

"తమ్ముడూ, మావల్ల తప్పు జరిగింది. పాలివ్వడం కాదు, చెప్పకపోవడం. మీరు ఈ చుట్టరికం ఒప్పుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం. మా మటుకు మాకు అది మావాడికి చెల్లెలే. రేపు మీరు ఇల్లు మారినా, ఊరికెళ్ళిపోయినా, ఎక్కడున్నారో మాత్రం మాకు చెబుతూ ఉండండి. వాడు పెద్దయ్యాక, ఫలానా చోట నీకో చెల్లెలుందని చూపించాలి కదండి నేను. తెలీకపోతే ఎలా?"

మా ఆయన లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "అలాగే భాయ్," అన్నారు. ఆ తర్వాత మేము రెండు ఇళ్ళు మారాము. ఇప్పుడు షార్జాలో ఉన్నాము. మారిన ప్రతిసారీ సామాను దింపకముందే మా ఆయన బావగారికి లొకేషన్ షేర్ చేస్తారు. అవతలి నుంచి 'మాషా అల్లా, చూశాను' అని వస్తుంది. చూసి ఏం చేస్తారో నాకు తెలియదు. ఒక చుక్క ఎక్కడుందో ఆయనకు తెలిస్తే చాలు కాబోలు.

కానీ ఆ రోజు సంగతి అది కాదు. ఆ రోజుకు నాకు తేల్చుకోవలసింది ఒకటే, పొద్దున్నే పిల్లను ఎవరి చేతిలో పెట్టి వెళ్ళాలని.

పొద్దున వ్యాను హారన్ కొట్టేసరికి నేను బ్యాగు భుజాన వేసుకుని, పిల్లను ఎత్తుకుని హాల్లో నిలబడి ఉన్నాను. అక్క తన గది గుమ్మంలో నిలబడింది. చెయ్యి చాచలేదు. ముందు రోజు వరకు తనే వచ్చి అందుకునేది. ఇప్పుడు నేను ఇస్తేనే తీసుకోవాలని నిలబడింది. హారన్ మళ్ళీ మోగింది. నేను నాలుగడుగులు వేసి పిల్లను ఇచ్చాను.

"సీసాలు పై అరలో పెట్టాను."

"సరే."

"ఏదైనా ఉంటే చెప్పక్కా. ఏదైనా సరే. దాచొద్దు."

"తుమ్మినా చెప్తాను," అంది. అందులో కొంచెం వెటకారం ఉంది. ఉండడమే మంచిదనిపించింది. తలుపు దాకా వెళ్ళిన నన్ను మళ్ళీ పిలిచింది. "సీసా తాగకపోతే?"

నేను సమాధానం చెప్పకుండానే మెట్లు దిగాను.

వ్యానులో వెనక సీటు నాది. ముందు ఇద్దరు నిజామాబాద్ కుర్రాళ్ళు రాత్రి డ్యూటీ గురించి గొణుక్కుంటున్నారు. అజ్మాన్ దాటకముందే ఫోన్ వచ్చింది.

"తుమ్మింది," అంది అక్క.

"అక్కా."

"నువ్వే కదే చెప్పమన్నావు."  వెనక ఏడుపు వినిపిస్తోంది, పెద్దదవుతోంది. "సీసా పెట్టాను. కొట్టేసింది. ఇంకోసారి పెట్టి చూత్తాను."

చూసింది. నాకు వినిపిస్తూనే ఉంది. సీసా నేల మీద దొర్లిన చప్పుడు, అక్క బుజ్జగింపు, వాళ్ళవాడు కూడా జతగా అందుకోవడం. ఆ ఏడుపు వింటుంటే నా ఒంట్లో పాలు దిగి కుర్తా తడిసిపోయింది. చున్నీ ముందుకు లాక్కున్నాను. ముందు సీటులో కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, 'ఏమైందక్కా, పిల్ల ఏడుస్తుందా' అన్నాడు. తలూపాను. వ్యాను సిగ్నల్ దగ్గర ఆగింది. నేను దిగి వెనక్కి వెళ్ళొచ్చు. ముదీర్‌కు ఫోన్ చెయ్యొచ్చు. ఏదైనా చెయ్యొచ్చు, కానీ ఏది చేసినా ఇంటికి చేరేసరికి దాని గొంతు పోయి ఉంటుంది.

"చెల్లీ," అంది అక్క. "ఇవ్వనా?"

అడిగింది. వాన రోజున అడగడానికి నేను లేను. ఇప్పుడున్నాను.

"ఇవ్వక్కా," అన్నాను.

బట్ట సర్దుకుంటున్న చప్పుడు వచ్చింది. ఏడుపు ఒక్కసారి తారస్థాయికి పోయి, మధ్యలో తెగిపోయింది. తర్వాత పిల్ల ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ గుటకలు వెయ్యడం. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నా ఒళ్ళోంచి తప్ప ఇంకోచోటి నుంచి ఎప్పుడూ వినలేదు. నిజంగా తాగుతోందా, ఆమె నిజంగా పాలే ఇస్తోందా అని ఆ క్షణంలో కూడా చెవి రిక్కించే విన్నాను.

"ఫోన్ పెట్టెయ్యనా?" అంది అక్క.

"వద్దు," అన్నాను. "అలాగే ఉంచు."